కుడి చేతి అక్షరాలు

చిన్నమ్మ ఫోన్ చేస్తే హలో అనదు. వంటింట్లో నుంచి ముందర గదిలోకి మాట్లాడినట్టు నేరుగా మొదలుపెడుతుంది. మొన్న కూడా అంతే. చిన్నాయన పొద్దంతా కంప్యూటర్ ముందరే కూర్చుంటున్నాడట, ఎడమ చేత్తో ఏదో కొడుతూనే ఉన్నాడట, తెర మీద మాత్రం పిచ్చి ఇంగ్లీషు వస్తోందట. కొడుకు నరేష్ అదంతా ఉత్తదే అంటున్నాడట. "ఉత్తదైతే గంతసేపు ఎందుకు కొడ్తడు బిడ్డా? నాకా సదువు రాదు. ఆయన ఏమంటుండో నువ్వొచ్చి జర చూసి చెప్పు" అని, నా జవాబు వినకుండానే పెట్టేసింది.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. ఒకప్పుడు మెదక్‌లో టైపు మాస్టరు అంటే ఆయనే. పోయిన వానాకాలం ఒక పొద్దున పండ్లు తోముకుంటూ పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. "ఆఁ" అన్న ఒక్క శబ్దం మిగిలింది. ఆకలికీ అదే, కోపానికీ అదే, ఎవరైనా చూడవస్తే సంబరానికీ అదే. పాపన్నపేట దిక్కున మా ఊరి నుంచి ఇంటర్ చదవడానికి వచ్చి, డిగ్రీ అయిందాకా ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పడుకుని పెరిగినదాన్ని నేను. ఇవాళ నా పేరు మీద పుస్తకాలున్నాయంటే వాటిని కొట్టిన వేళ్లు ఆయన దిద్దినవే. అటువంటి మనిషి ఏదో చెప్పాలని చూస్తున్నాడేమో, అది ఎవరికీ అందడం లేదేమో అనుకుంటే నాకు అన్నం సయించలేదు. మరునాడే బస్సెక్కాను.

ఇల్లు బస్టాండు వెనక సందులో ఉంది. ముందర గది నా కళ్ల ముందే ఎన్నో వేషాలు మార్చింది. నేను వచ్చిన కొత్తలో టైపు ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత లగ్గం కార్డులూ పాంప్లెట్లూ కొట్టే డీటీపీ సెంటర్, ఇప్పుడు నరేష్ నడిపే ఆన్‌లైన్ సెంటర్. దరఖాస్తులు పెట్టుకునేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, కార్డులో పేరు తప్పుపడి పరేషాన్ అయ్యేవాళ్లు పొద్దంతా వస్తూనే ఉంటారు. గది మూలన, కిటికీ పక్కన చిన్నాయన కుర్చీ. పొద్దున్నే చిన్నమ్మ ఆయనకు తానం పోసి, తెల్లంగి తొడిగి, గుండీలు పెట్టి, కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెడుతుంది. ఎవరో దాచమని ఇచ్చిపోయిన సామానులాగా ఆ చెయ్యి సాయంత్రందాకా అక్కడే ఉంటుంది. ఎదురుగా నరేష్ కొనిపెట్టిన కొత్త కంప్యూటర్. మీట నొక్కి చెయ్యి తీసేలోగా తెరుచుకుంటుంది. చప్పుడు లేదు, వేడి లేదు. చిన్నాయన ఎడమ చేత్తో కొడుతున్నాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరుసగా పడుతున్నాయి. అర్థమయ్యే మాట ఒక్కటి లేదు. నన్ను చూసి "ఆఁ" అన్నాడు. మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

నరేష్ చెడ్డ కొడుకేం కాదు. తండ్రిని రోజూ ఎత్తి కూర్చోబెట్టేది, పడుకోబెట్టేది వాడే. పెద్ద దవాఖానలో డాక్టరు చెప్పింది కూడా వాడే విన్నాడు. మెదడులో మాటలుండే చోటే దెబ్బ తిన్నదట. ఇక మాట రావడం, రాత రావడం రెండూ కష్టమేనట. "ఊకుంటె బాపు చెయ్యి గుంజుతది అక్కా. బతుకంత టైపు కొట్టిన చెయ్యి గద. కొట్టుకోనీ అని కొత్తది తెచ్చి పెట్టిన. అమ్మనేమో అండ్ల ఏదో ఉందని నన్ను రోజు సతాయిస్తుంది" అన్నాడు. వాడి గొంతులో విసుగు లేదు. అలసట ఉంది.

నాకు మాత్రం ఆ తెర చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆయన కొడుతున్నది ఇంగ్లీషు కాదు. వేళ్లు పాత తెలుగు టైపు మిషన్ అక్షరాల చోట్లకే పోతున్నాయి. ఆ చోట్లలో ఏ తెలుగు అక్షరం ఉందో ఈ కొత్తదానికి తెలియదు గనక తనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరం పడేస్తోంది. అంటే తప్పు మనిషిది కాదు, యంత్రానిది. అవే చోట్ల మీద నడిచే, డీటీపీ రోజుల నాటి మా పాత తెలుగు ప్రోగ్రామ్‌ను ఏదో ఒక కంప్యూటర్‌లో నడిపించగలిగితే చాలు, ఆయన ఇన్నాళ్లుగా చెబుతున్నదంతా చదవొచ్చు. ఈ ముక్క చెబితే చిన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, నాకు ఇష్టమని జొన్నపిండి కలపడానికి లోపలికి పోయింది. అట్లా ఆమెకు ఆశ పెట్టాను. పెట్టకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

జొన్నరొట్టె కాలుతున్న వాసన ముందర గదిలోకి వస్తే నాకు ఇప్పటికీ టైపు క్లాసు గుర్తొస్తుంది. ఆ రోజుల్లో మిషన్ నూనె, రిబ్బను సిరా, పెనం మీద రొట్టె, ఈ మూడూ కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. పొద్దున్నే రెగ్జిన్ ముసుగులు తీసి, గుడ్డతో మిషన్లన్నీ తుడవడం నా పని. చిన్నాయన తెల్లంగి వేసుకుని, వక్క నములుతూ, చేతిలో చెక్క స్కేలుతో నిలబడేవాడు. కొత్తగా చేరినవాళ్ల చేతుల మీద తువ్వాల కప్పేవాడు. కీలు చూడకూడదు, వేళ్లే వెతుక్కోవాలి. అన్నిటికంటే పెద్ద నేరం ఒక చెయ్యి ఇంకో చేతి దిక్కుకు పోవడం. ఎడమ చేతి వేలు నడిమి గీత దాటి కుడి దిక్కు అక్షరాన్ని ముట్టిందా, తువ్వాల మీది నుంచే స్కేలు పడేది. అంత కరెక్టుగా ఎట్లా కనిపెట్టేవాడో దేవుడికే తెలియాలి. "దాని అక్షరాలు దానియి, దీని అక్షరాలు దీనియి. కుడిది రాకుంటె ఎడమది ఆగాలె. ఆగి సూడాలె. అంతేగాని దాని జాగల ఇది సొరవడొద్దు" అనేవాడు. నేను మొదట్లో తెగ దెబ్బలు తిన్నాను. తర్వాత నా చేతులకు కూడా ఆ బుద్ధి వచ్చింది.

వేళ్లకు అక్షరాలు వచ్చాక ఆయన ఇచ్చే మొదటి పాఠం లగ్గం కార్డు. వేరే ఇన్‌స్టిట్యూట్లలో దరఖాస్తులు, ఉత్తరాలు నేర్పేవాళ్లు. మా చిన్నాయన దగ్గర శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తుతో మొదలై సకుటుంబ సపరివార సమేతముగ విచ్చేయడంతో ముగిసే కార్డు. తెలుగులో ఉన్న ఒత్తులన్నీ అందులోనే వస్తాయని ఆయన వాదన. ఆ కార్డులో పెండ్లిపిల్ల పేరు చి.ల.సౌ. సత్తెమ్మ. సత్తెమ్మ అంటే మా చిన్నమ్మే. వాళ్ల లగ్గానికి కార్డు కొట్టించే శక్తి లేదట, అన్నీ నోటి పిలుపులేనట. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని నేను అడగలేదు, ఆయన చెప్పేరకం కాదు. మెదక్‌లో టైపు నేర్చుకున్నవాళ్లందరి వేళ్ల మీదుగా చిన్నమ్మ పేరు కొన్ని వేలసార్లు పోయి ఉంటుంది. చదువు రాదు గనక అప్పటికి ఆమెకు మాత్రం ఆ సంగతే తెలియదు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. టైపు మిషన్లు ఒక్కొక్కటే పోయి, ఆ జాగాలో ఒక్క కంప్యూటర్, దానికొక కూలర్, కింద చాప. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. దసరాకు దానికి కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చిన్నమ్మ పసుపు అక్షింతలు చల్లితే కొన్ని వెనక జాలీలోంచి లోపలికి పోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లు ఫ్యాను తిరిగినప్పుడల్లా లోపల బియ్యం చెరిగినట్టు చప్పుడయ్యేది. అయినా చిన్నాయన విప్పి తీయించలేదు. దీవెన లోపలనే ఉండనీ అన్నాడు.

అప్పట్లో దాని వేగం కొలవడానికి మా ఇంట్లో ఉన్న కొలత చాయ్. చిన్నాయన మీట నొక్కిన చప్పుడు వినగానే వంటింట్లో చిన్నమ్మ చాయ్ పెట్టేది. విండోస్ తెరుచుకున్నాక వచ్చే సంగీతం వినపడగానే దించేది. ఆమె గడియారం చూడటం నేను ఎరగను. మొదట వచ్చింది విండోస్ తొంభై ఎనిమిది. పాపం మంచిదే గానీ పిరికిది, కొంచెం పని ఎక్కువైతే నీలం తెర వేసుకుని కూర్చునేది. దాంతో చాయ్ ఒకరోజు పలచగా, ఒకరోజు చిక్కగా ఉండేది. తర్వాత ఎక్స్‌పీ వచ్చింది. అది నిలకడైనది. ఇంటి చాయ్‌కి ఒక రుచి కుదిరింది దాని కాలంలోనే. తెర వెనక పచ్చటి గుట్ట బొమ్మ ఉండేది. చిన్నమ్మ పుట్టిల్లు ఎల్దుర్తి. వానలు పడ్డాక మా దిక్కు గుట్ట గిట్లనే ఉంటది అని, కప్పు పెట్టడానికి వచ్చినప్పుడల్లా కాసేపు చూసి పోయేది. నేను డిగ్రీ అయి పోయి, పండగలకు మాత్రం వచ్చే రోజుల్లో ఇంకోటి, పేరే విండోస్ ఏడు, అద్దం తలుపుల షోకులతో వచ్చింది. మా పాత డబ్బా దాన్ని మోయలేక ఆయాసపడింది. చాయ్ మరిగి మరిగి కషాయమైంది. "బువ్వ ఎక్కువ తింటది, పనికి ఒంగది" అని చిన్నాయన దాన్ని తీసేయించి మళ్లీ ఎక్స్‌పీకే వచ్చాడు. ఇక చచ్చినా మారలేదు. తెర మీద ఒకే ఒక్క బొమ్మ ఉండాలి, అది తెలుగు కొట్టే ప్రోగ్రామ్ బొమ్మ. ఆటలు, పాటలు, గడియారాలు అన్నీ ఏరి తీసేసేవాడు. ఆయన కంప్యూటరూ చిన్నమ్మ వంటిల్లూ ఒక్క తీరు, రోజూ ముట్టని గిన్నె ఒక్కటీ ఉండదు.

కంప్యూటర్‌లో ఒకసారి కొట్టింది దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని లోకమంతా సంబరపడింది. ఆయన నమ్మలేదు. నీలం తెర ఒకసారి లగ్గాల సీజన్ పనంతా మింగేసినప్పటి నుంచి, ప్రతి కార్డునూ మొదటి అక్షరం నుంచి కొత్తగా కొట్టేవాడు. వేళ్లు వాటంతట అవే పరుగెత్తేవి. పెండ్లిపిల్ల పేరు దగ్గరికి రాగానే పాఠంలో ఉన్నట్టే సత్తెమ్మ అని పడిపోయేది. అక్కడ ఆగి, ముందర కూర్చున్నవాళ్ల వైపు తల ఎత్తి, "పేరు చెప్పుండ్రి" అనేవాడు. వాళ్లు చెప్పేలోగా కుడి చేతి చిటికెన వేలు బ్యాక్‌స్పేస్ మీద టకటకా ఆడి ఆ పేరును చెరిపేసేది. వేలికి పేరు కొట్టకుండా దాటిపోవడం చేతకాదు, కొట్టి చెరపడమే చేతనవును. నేనెన్నోసార్లు నవ్వాను. ఆయన పట్టించుకోలేదు.

నేనింకా ఆ ఇంట్లో ఉన్నప్పుడే, ఒక మాఘమాసంలో చెరపడం మరిచిపోయాడు. కరెంటు పోయే వేళయిందని తొందరలో అచ్చుకు పంపేశాడు. అల్లాదుర్గ్ నుంచి ఒక పెద్దమనిషి కార్డుల కట్ట చంకలో పెట్టుకుని వచ్చి, బల్ల మీద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగాడు. "మాస్టరు సాబ్, మా పిలగానికి మీ ఇంటామెను ఇస్తున్నరా?" అప్పటికే సగం ఊరికి పంచేశాడట. చిన్నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మర్యాదకు చాయ్ తెచ్చిన చిన్నమ్మ ఏమైందని అడిగితే ఆ పెద్దమనిషే చదివి వినిపించాడు. కార్డులన్నీ మళ్లీ కొట్టి ఇచ్చాం, అది వేరే సంగతి. చిన్నమ్మ మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. నల్లా దగ్గర ఆడవాళ్లు సత్తెమ్మ లగ్గం ఎన్నడే అని అడుగుతుంటే బిందె పట్టుకుని పోవడానికి జంకేది. ఆ పేరు తీసేయ్ అని ఆయన వెంటపడింది. తీస్త అన్నాడు. ఏ పండక్కో పబ్బానికో గుర్తొచ్చి తీసినవా అని అడిగితే, తీసేసిన అన్నాడు. చదువు రాని మనిషి, నమ్మింది. నేను మాత్రం రోజూ ఆయన పక్కన కూర్చుని, సత్తెమ్మ పడటమూ చెరిగిపోవడమూ చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఆయన కొడుతున్నదాన్ని తెలుగులో చూడాలంటే ఆ పాత ప్రోగ్రామ్ కావాలి. ముందు నా ల్యాప్‌టాప్ తీశాను. చాలా పెద్దదే, రచయిత్రిని కదా, గొప్పకు కొన్నాను. తెరవగానే మెదక్‌లో ఎండ ఎంత ఉందో చెప్పింది. నేనడగని వార్త చెప్పింది. ఏదో కొత్తగా వచ్చింది ఎక్కించుకుంటాను ఆగమంది. ఆగాను. ఆగి, నరేష్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి పాత ప్రోగ్రామ్ ఎక్కించబోతే, ఇది నా మీద నడవదు అని మర్యాదగా పొమ్మంది. ఫాంటు ఒక్కటే ఎక్కించాను. ఏ కీలో ఏ అక్షరమో చెప్పే ప్రోగ్రామ్ లేకుండా ఫాంటు ఉండి ఏం లాభం, గళ్లు గళ్లుగా డబ్బాలు కనిపించాయి. నరేష్ కొత్త కంప్యూటర్ కూడా అదే పాట పాడింది. అంత వేగంగా తెరుచుకుని ఇద్దరూ నాకు చెప్పింది కాదు, కుదరదు అన్న మాటే.

నరేష్‌కు కూడా పట్టుదల వచ్చింది. సజ్జ మీద నుంచి పాత డబ్బాను దించాడు. చిన్నమ్మ పాత చీరలో చుట్టి ఉంది. విప్పితే మూలన బూజులో పసుపు బియ్యం గింజలు ఇంకా ఉన్నాయి, రంగు మాత్రం పోయింది. పాత హార్డ్ డిస్కు కటకటలాడుతుంటే, ఉన్నది కూడా పోతుందని ఎప్పుడో తీసి పక్కన పెట్టాడట, ముందు వేరే డిస్కు పెట్టి విండోస్‌కు బదులు లినక్స్ వేసి చూద్దామన్నాడు. వేశాడు. నేను అబద్ధం చెప్పను, చాలా మంచిది. అంత ముసలి డబ్బా మీద కూడా చాయ్ నీళ్లు మరగకముందే లేచి కూర్చుంది. అడగనిది చూపదు, అక్కరలేనిది మోయదు. చిన్నాయనకు మాట ఉంటే తప్పకుండా మెచ్చుకునేవాడు. కానీ దానికి మా పాత తెలుగు తెలియదు. దానికి తెలిసిన తెలుగులో అక్షరాల చోట్లే వేరు. ఎన్ని తంటాలు పడ్డా దానికీ ఆయన వేళ్లకూ పొత్తు కుదరలేదు. ఈ తతంగమంతా చిన్నాయన కుర్చీలోంచి చూస్తూ, మధ్యమధ్య ఎడమ చేత్తో ఉత్త బల్ల మీదే కొడుతున్నాడు. చిన్నమ్మ గడపలో కూర్చుని నా మొహమే చూస్తోంది. ఇంతమంది ఇన్ని పేర్లతో ఇన్ని చేశారు, ఒక మనిషి మాట ఇంకో మనిషికి అందించేది ఒక్కటీ లేదా అని నాకు ఏడుపొచ్చింది.

చివరికి పాత డిస్కే దిక్కయింది. నరేష్ దాన్ని దస్తీలో చుట్టి అల్మారాలో దాచాడట. "బాపు కొట్టిన కార్డులన్ని దీన్లనే ఉన్నయ్ అక్కా. పారేయ బుద్ధి కాలే" అన్నాడు తల వంచుకుని. బిగించి, మీట నొక్కాడు. లోపల ఫ్యాను గురగురలాడింది. డిస్కు కటకటమంది. నల్లటి తెర మీద చిన్న గీత మినుకుమినుకుమంటూ కదలదు. ఇక లేవదనుకున్నాక ఆ పాత సంగీతం వినపడింది. పచ్చటి గుట్ట వచ్చింది. వంటింట్లో స్టవ్ ఆపిన చప్పుడైంది. చిన్నమ్మ కప్పుతో గడపదాకా వచ్చి ఆగి, అసలు తాను చాయ్ ఎప్పుడు పెట్టిందో తనకే గుర్తు లేనట్టు కప్పు వంక చూసుకుంది. చిన్నాయన "ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ" ఇంతకు ముందువాటిలా లేదు. నరేష్ మొహం తిప్పుకున్నాడు.

తెలుగు ప్రోగ్రామ్ తెరిచి, పాత కీబోర్డు ఆయన ఎడమ చేతి కిందికి జరిపాను. కొట్టాడు. తెలుగే వచ్చింది. కానీ ఏం తెలుగు అది! తలకట్లున్నాయి, వాటి కింద అక్షరాల్లేవు. ఒత్తులున్నాయి, ఎవరి ఒత్తులో తెలియదు. ఏ మాటా మాట కాదు. ముక్కలు, ముక్కల మధ్య ఖాళీలు. కొత్తదానిలో ఇంగ్లీషు పిచ్చి, పాతదానిలో తెలుగు పిచ్చి. మొదట ఫాంటు చెడిపోయిందనుకున్నాను, తర్వాత డిస్కు అనుకున్నాను. నరేష్ నా భుజం మీద చెయ్యి వేసి, డాక్టర్ చెప్పిండు గద అక్కా అన్నాడు. చిన్నమ్మ మాత్రం ఇంకా నమ్మకంతోనే ఉంది. "తెలుగే గద అది? సదువు బిడ్డా. ఏమంటుండు?" అంది. ఏం చదవను? చదువు రాని ఆమె, చదువొచ్చిన నేను ఆ తెర ముందర ఒక్కటే అయిపోయాం. జర ఆగు చిన్నమ్మా అన్నాను.

చేసేదేమీ లేక ఆయన చెయ్యి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది. ఆ చెయ్యి గబగబా కొట్టడం లేదు. కొడుతుంది, ఆగుతుంది. మళ్లీ కొడుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆగినప్పుడల్లా కుడి దిక్కు కీలన్నీ ఖాళీగా, ముట్టేవాళ్లు లేకుండా ఉన్నాయి. వేళ్లు నడిమి గీతను ఒక్కసారి కూడా దాటలేదు. తెర మీద వెతికాను. కుడి చేతి కిందికి రావలసిన అక్షరం ఒక్కటి లేదు. వరుస దించే కీ కుడి చేతిదే, అందుకే రాత అంతా ఒకే పట్టీగా పోతోంది. తప్పు చెరిపే కీ కూడా కుడి చేతిదే. కుడిది రాకుంటే ఎడమది ఆగాలి, ఆగి చూడాలి. స్కేలుతో అందరికీ నేర్పిన ఆ పాఠాన్ని ఆయన చెయ్యే అందరికంటే బాగా నేర్చుకుంది. పడిపోయిన కుడి చేతి కోసం ఎడమ చెయ్యి ఇన్ని నెలలుగా ఆగి ఆగి చూస్తోంది. దీన్ని ఏ విండోస్ బాగు చేస్తుంది, ఏ లినక్స్ బాగు చేస్తుంది? నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

కుర్చీ జరుపుకుని ఆయనకు కుడి పక్కన కూర్చున్నాను. నా కుడి చెయ్యి కీబోర్డు మీద పెట్టాను. ఆయన ఏం చెప్పదలిచాడో తెలియకుండా మిగతా సగం నేనెట్లా కొట్టను? అయినా పెట్టాను. ఆయన నా చేతిని చూశాడు, కొట్టాడు, ఆగాడు. ఈ మధ్య ఫోను మీద బొటనవేలితో రాసుకోవడం మరిగిన నా వేళ్లకు మొదట ఏమీ తోచలేదు. ఆయన మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. ఈసారి నా చూపుడు వేలు నన్నడగకుండానే కదిలింది. ఒక అక్షరం ఆయనది, ఒకటి నాది. శ్రీరస్తు అని పడింది. శుభమస్తు అని పడింది. ఆయన ఇన్నాళ్లుగా కొడుతున్నది మాట కాదు, పాఠం. వేళ్లకు బట్టీ వచ్చిన లగ్గం కార్డు. డాక్టరు చెప్పిందే నిజమేమో, లోపల మాటలేమీ మిగల్లేదేమో, చెయ్యి తనంతట తాను నడుస్తోందేమో. అయినా ఆపలేకపోయాను. మా యింట జరుగు వివాహ మహోత్సవమునకు అని ఇద్దరం కలిసి కొట్టాం. చి.ల.సౌ. అని కొట్టాం. ఆ పేరులో సగం ఆయన వేళ్లు కొట్టాయి, సగం నావి. సత్తెమ్మ అని పడింది.

అక్కడ ఆయన ఆగిపోయాడు. తల ఎత్తాడు. ముందర కార్డు కొట్టించుకునేవాళ్లు ఉన్నట్టు ఒకసారి అటు చూసి, తర్వాత నా కుడి చేతి వైపు చూశాడు. పేరు చెప్పుండ్రి అనే చోటు అది. ఇక్కడ కుడి చిటికెన వేలు పని చేయాలి. ఎడమ చెయ్యి గాలిలో ఆగి, దాని పని కోసం చూస్తోంది. ఆయన భార్యను పిలుస్తున్నాడో, ఎప్పటిలాగే ఒక కార్డు కొడుతున్నాడో నాకు తెలియలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ తెలియదు. చిన్నమ్మ ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది.

"ఏమంటుండు బిడ్డా?"

లగ్గం కార్డు కొడుతుండు చిన్నమ్మా అని చెప్పాను. ఎవరిది అని అడిగింది. పెండ్లిపిల్ల పేరు చదివి వినిపించాను.

చిన్నమ్మ తెర దగ్గరికి వంగింది. తెర మీద ఆ అక్షరాలు ఎక్కడున్నాయని అడిగితే వేలు పెట్టి చూపించాను. వాటి మీద తన వేలు ఆనించి, "తీసేసిన అన్నడు గద" అంది. ఆయన వైపు తిరిగి, "గన్నిసార్ల అడిగితె తీసేసిన అంటివి గద" అంది. చిన్నాయన "ఆఁ" అన్నాడు. చూపు మాత్రం నా చేతి మీదే ఉంది, చెరపమన్నట్టు, ఆలస్యమవుతోందన్నట్టు. డిస్కు కటకటమంటోంది. బ్యాక్‌స్పేస్ నా చిటికెన వేలి కిందే ఉంది.

"ఉండనియ్యి బిడ్డా," అంది చిన్నమ్మ. "తియ్యకు."

నేను నా కుడి చెయ్యి కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.